పంచదార లేని టీ

మైక్రోస్కోపు కింద కనిపించింది మామూలుగా ఊపిరితిత్తుల్లో పుట్టే కేన్సరు. కానీ ఆ ముక్కను తీసింది కొండలరావు మూత్రాశయంలోంచి.

డాక్టర్ శ్రీసత్య రిపోర్టు రెండుసార్లు చదివింది. చిన్నచిన్న నల్లటి కణాలు, సందు లేకుండా ఇరుక్కుని ఉన్నాయి. ప్రత్యేకమైన రంగులు వేసి చూసినా అదే తేలింది. స్మాల్ సెల్ కార్సినోమా. కేన్సరు డాక్టరుగా పన్నెండేళ్లలో దీన్ని మూత్రాశయంలో చూడడం ఆమెకిది మూడోసారి. ఊపిరితిత్తుల నుంచి పాకిందేమోనని స్కాన్ తీయించింది. అవి శుభ్రంగా ఉన్నాయి. కాలేయం మీద మాత్రం నాలుగు మచ్చలు.

కొండలరావుకి యాభై రెండేళ్లు. మరమ్మతుకొచ్చే ఓడలకు రంగులేసే కాంట్రాక్టు పని. అతను వార్డులో నిద్రపోతుంటే భార్య అప్పాయమ్మ, ఆమె తమ్ముడు పోలిరాజు డాక్టరు గదిలోకి వచ్చారు. బావా బావమరుదులిద్దరిదీ ఒకే యార్డు, ఒకే గ్యాంగు. ఇరవై ఏళ్లుగా మద్దిలపాలెంలో ఒకే బస్సెక్కి పనికి వెళ్తున్నారు.

శ్రీసత్య ఏదీ దాచలేదు. ఇది వేగంగా పెరిగే రకం. మూడు వారాలకోసారి, మూడేసి రోజులు కీమో ఇస్తారు. మొదట్లో బాగా లొంగుతుంది. తర్వాత చాలామందిలో తిరగబడుతుంది. కాలేయానికి పాకకముందే దొరికుంటే, కీమో ఇచ్చి మూత్రాశయం తీసేసి, పూర్తిగా నయం చేయడానికి ప్రయత్నించేవాళ్లమని చెప్పింది.

అప్పాయమ్మ ఏడవలేదు. సంచీలోంచి మడతలు పడ్డ కాగితం తీసి, బల్ల మీద పెట్టి, అరచేత్తో సాపు చేసింది. ఎనిమిది నెలల కిందటి గేట్ పాస్ మెడికల్ రిపోర్టు. ఏటా అందులో పాసైతేనే యార్డులోకి పంపుతారు.

"ఇందల రగతం లేదని రాసినారు కదమ్మా. అంటే జబ్బు మొన్నమొన్న ఒచ్చిందే. లేతగున్నప్పుడు తగ్గిపోద్ది కదా?"

ఆ కాగితం ఒక్కటే ఆమెకు మిగిలిన ధైర్యం.

శ్రీసత్య చదివింది. మూత్రంలో ఎర్ర కణాలు లేవు. నిజమే. దాని కింది వరుసలో షుగర్, రెండు ప్లస్. అంటే బాగా ఎక్కువ.

ఈ వారం చేసిన రక్తపరీక్షలు తిరగేసింది. పరగడుపున షుగర్ తొంభై. మూడు నెలల సగటు కూడా మామూలే.

మీ ఆయన షుగరుకి మందులు వాడతాడా అని అడిగింది. ఒక్క మాత్ర కూడా వేసుకోలేదని అప్పాయమ్మ చెప్పింది. ఈ కాగితం వచ్చిన రోజునుంచే టీలో పంచదార మాత్రం మానేశాడట. ఏటి, ఆవదం తాగతన్నావా అని తను రోజూ ఎగతాళి చేసేదట. ఆ మాట చెబుతూ కొంచెం నవ్వింది కూడా.

టీలో పంచదార మానేస్తే రెండు ప్లస్ ఇంత శుభ్రంగా దిగదు. శ్రీసత్యకది తెలుసు. తలెత్తింది. పోలిరాజు చొక్కా జేబులోంచి సగం వాడిన మాత్రల పట్టీ ఒకటి పైకి కనిపిస్తోంది. రోజూ ఎంతోమందికి రాసే షుగర్ మాత్ర అది.

షుగరు ఎన్నేళ్లుగా ఉందని అతన్ని అడిగింది. ఆరేళ్లన్నాడు పోలిరాజు.

శ్రీసత్య రిపోర్టు అతని వైపు తిప్పి, ఆ వరుస మీద వేలు పెట్టింది. పోలిరాజు దాన్ని చదివాడు. తర్వాత అక్క వైపు తిరిగాడు.

"ఆ డబ్బాలో పోసింది నాను, అప్పా. బావకి అప్పటికే ఎర్రగా పడతండేది. కిడ్నీల రాయే అనుకున్నాం. ముందటేడు మన గ్యాంగుల వరహాలుకి ఇలాగే ఎర్రగుందని రాసి పాస్ ఆపేసినారు, మళ్లీ ఇయ్యలేదు. బావ పెద్దాస్పత్రికి ఎల్దామన్నాడు. నానే ఒద్దన్నాను. పాస్ సేతికొచ్చాక ఎల్దాం బావా అన్నాను. బాత్రూంలో డబ్బాలు మార్సినాం. పాసొచ్చింది. వారానికి ఎరుపు దానంతటదే ఆగిపోయింది. అరటిదవ్వ రసానికి రాయి కరిగిపోయిందని ఇద్దరం నవ్వుకున్నాం. మళ్లీ మొదలైనాక నాకూ సెప్పలేదు బావ. నీకు అనుమానం రాకూడదని ఆ సప్పటి టీ తాగతానే ఉన్నాడు. నా షుగరుకి బావ పంచదార మానేసినాడు, అప్పా. నాను ఇప్పటికీ రెండు సెంచాలు ఏసుకుంతన్నాను."