ఈదయ్య కోసిన తోలు

ఆ చేతిపంపు తయారుచేసింది మా యూనివర్సిటీ. డబ్బు విదేశీ సహాయ సంఘానిది. డెబ్బైరెండు కరువులో గరిడేపల్లి దగ్గరి ఒక ఊళ్ళో, పటేల్ ఇంటి ముందు దాన్ని దింపారు. ఏడాదిపాటు అది ఎలా పనిచేస్తుందో రాసే ఉద్యోగం నాది. సూర్యాపేట నుంచి బస్సులో వెళ్ళొచ్చేవాణ్ణి.

లోపల నీళ్ళు లాగే తోలు బిళ్ళ ఇరవై రోజులకే అరిగిపోయేది. హైదరాబాదు నుంచి కొత్తది వచ్చేదాకా ఊరంతా నోరెండబెట్టుకునేది. అంత చదివిన మహానుభావులకు తోలు సంగతి తోలు పనివాణ్ణి అడగాలని తట్టలేదు. నాకూ తట్టలేదులెండి. మోటబొక్కెనలు కుట్టే మాదిగ ఈదయ్యే ఒకనాడు ఆగి, అరిగిన బిళ్ళను గోటితో గీకి చూశాడు.

"తోలు సరిగ పదును కాలే సారూ. తంగేడు చెక్క నీళ్ళల నానాలె, కానుగ నూనె తాగాలె."

ఆయన కోసిచ్చిన బిళ్ళ ఎనిమిది నెలలు నడిచింది. మా ప్రొఫెసర్ నాగేశ్వర్ రావు గారు సంబరపడిపోయి, ఏం కావాలో అడగమన్నారు.

"మా వాడల గిసొంటిదొకటి ఏయించుండ్రి సారూ. మావోళ్ళు గా పిడి ముట్టొద్దు. ఎవరన్న కొట్టి పోసెదాక మా ఇంటామె జానమ్మ కుండ వట్టుకొని నిలవడ్తది."

తప్పకుండా వేద్దామన్నారాయన. వాడలో చోటు చూసి సున్నంతో గుర్తు పెట్టింది నేనే.

ఏడాది తిరిగింది, రిపోర్టు అచ్చయింది. అందులో తోలు గురించి మూడు పేజీలున్నాయి, ఈదయ్య పేరు లేదు. రెండో పంపు మాటెత్తితే ప్రొఫెసర్ గారు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు.

"ప్రయోగం అయిపోయింది కదయ్యా రామ్మూర్తీ. అక్కడ వేస్తే మనకు కొత్తగా తెలిసేదేముంది?"

ఒళ్ళు మండింది. అయినా ఆ కబురు చెప్పడానికి వాడకు వెళ్ళాను. సున్నం గుర్తు చుట్టూ ఈదయ్య అప్పటికే రాళ్ళు పేర్చి ఉంచాడు.

ఆ వారమే బిళ్ళ అరిగింది. పటేల్ మనిషిని పంపితే ఈదయ్య కదల్లేదు. "మా వాడల పంపు వడ్డనాడు కోస్త," అన్నాడు. నాలుగు రోజులు పంపు మూలబడింది. నిజం చెప్పాలంటే నాకు లోలోపల సంతోషంగానే ఉంది.

ఐదోనాడు ఆయనే కొత్త బిళ్ళతో వచ్చాడు. ఏమైందని అడిగాను.

"ఏమైతది సారూ. నీళ్ళు మా జానమ్మ గూడ తాగాలె గద."

బిళ్ళ బిగించాడు. బాగుచేసినవాడు కొట్టి చూడాలి కాబట్టి ఎవరూ కాదనలేకపోయారు. జానమ్మ గబగబా వచ్చి పంపు కింద కుండ పెట్టింది. నిండేదాకా కొట్టాడు.

పటేల్ భార్య ఆండాళమ్మ అరుగు మీంచి చూస్తూ ఉంది. "నీళ్ళొచ్చినయ్ గద, ఇగ జరుగు," అంది. ఆయన జరిగాక పనిమనిషిని పిలిచి, ఆ పంపు నీళ్ళతోనే పిడి కడిగించింది.

జానమ్మ రెండో కుండతో దూరంగా వెళ్ళి నిలబడింది. నేనే వెళ్ళి, కడిగిన పిడి పట్టుకుని కొట్టి పోశాను. ఆమె నా ముఖం చూడలేదు.