నంబరు చెప్పని మరదలు

కుసుమ తెనాలిలో ఒక సహకార బ్యాంకులో ముప్పై ఒక్కేళ్లు క్యాషియరుగా పనిచేసి రిటైరైంది. డబ్బు విషయంలో ఆమెకు ఇంకొకరు బుద్ధి చెప్పే అవసరం ఎప్పుడూ రాలేదు. అలాంటి మనిషి విదేశంలో, పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో ఉన్న అక్క కూతురు నిరుపమ ఇంటికి వచ్చి పది వారాలైనా, ఇప్పటిదాకా పెట్టిన ఖర్చు అక్షరాలా సున్నా.

పెట్టనిస్తేగా. కొత్తిమీర కట్ట కొన్నా సరే, కుసుమ హ్యాండ్‌బ్యాగు జిప్పు లాగేలోపే నిరుపమ తన ఫోను మిషను మీద ఆనించేసేది. మిషను కీచుమనేది, అంతటితో బేరం ముగిసేది. "నువ్వొచ్చింది తిని కూర్చోడానికి పిన్నీ, పర్సు తియ్యడానికి కాదు" అనేది నిరుపమ. ఆసుపత్రిలో నర్సుగా రోజుకు వందమందిని అదిలించే గొంతు కాబట్టి ఎదురు చెప్పడానికి లేదు.

మొదటి రెండు వారాలూ కుసుమకు ముచ్చటగానే ఉంది. ఆ తర్వాత ఎక్కడో చిన్న ముల్లులా గుచ్చుకోవడం మొదలైంది. ఆమె పెళ్లి చేసుకోలేదు. అక్క పిల్లలకైనా, తమ్ముడి పిల్లలకైనా పుట్టినరోజుకి గౌను, పరీక్ష పాసైతే వాచీ, కాలేజీలో చేరితే సూట్‌కేసు, అన్నీ ఆమె చేతి మీదుగానే వచ్చేవి. ఆ ఇళ్లలో ఆమెకు పీట వేసింది ఆ ఇవ్వడమే. ఇక్కడేమో ఆమెను మెత్తటి సోఫాలో కూర్చోబెట్టి, చేతికి టీ ఇచ్చి, పీట లాగేశారు. చుట్టాన్నైపోయాను అనుకుంది కుసుమ, ఆ మాట అనుకున్నప్పుడు ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది.

అందుకే సైకిలు సంగతి పట్టుకుంది. నిరుపమ కూతురు సిరికి ఆదివారంతో పదేళ్లు నిండుతాయి. ఊరంతా అరచేయిలా చదునుగా ఉండడంతో పిల్లలంతా సైకిళ్ల మీదే తిరుగుతారు. సిరి సైకిలు మాత్రం ఏడేళ్లప్పటిది, తొక్కుతుంటే మోకాళ్లు హ్యాండిలుకు కొట్టుకుంటున్నాయి. "వచ్చే ఏడాది చూద్దాంలే" అని నిరుపమ వాయిదా వేస్తోంది. బడి నుంచి వచ్చే దారిలో ఉన్న సైకిళ్ల షాపులో నీలం రంగుది ఒకటి చూసి సిరి రోజూ రెండు నిమిషాలు ఆగేది. ఒకరోజు కుసుమ పాప భుజం మీద చెయ్యి వేసి, "ఇది నీకు నేను కొంటాను. మీ అమ్మకు చెప్పకు" అంది. షాపాయనతో మాట్లాడి శనివారం నాలుగింటిదాకా దాన్ని ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టించింది. ఆ షాపు ఆది, సోమవారాలు తియ్యరు. మంగళవారం ఆమె తిరుగు ప్రయాణం. అంటే ఉన్నది ఆ ఒక్క అవకాశమే.

గురువారం వెళ్లి కార్డు పెట్టింది. మిషను ఒప్పుకోలేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఒప్పుకోలేదు.

కారణం కుసుమకు వెంటనే తట్టింది, తట్టగానే చెవులు వేడెక్కాయి. విదేశాల్లో కార్డు వాడుకోవాలంటే బయలుదేరే ముందే బ్యాంకు వాళ్ల సైటులో దానికి అనుమతి పెట్టుకోవాలి. ఆ సంగతి ఎన్ని వందలమందికి చెప్పి ఉంటుందో. ఇక్కడ పది వారాల్లో కార్డు ఒక్కసారీ బయటికి తియ్యలేదు కనక, తాను పెట్టుకోలేదన్న సంగతే బయటపడలేదు.

పోనీ ఇప్పుడు పెట్టుకుందామంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే సిమ్ము తెనాలిలో ఉంది. ఎందుకుందంటే గ్యాస్ బండ కోసం. తమ్ముడు లక్ష్మణరావు, మరదలు ఇంద్రజ, తను ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటారు. గ్యాస్ కనెక్షన్ కుసుమ పేరు మీద ఉంది. బండ తెచ్చినతనికి ఆ సిమ్ముకు వచ్చిన నంబరు చెప్పకపోతే బండ దించడు. అందుకని ఆమె సిమ్ము తీసి పాత బటన్ల ఫోనులో వేసి ఇంద్రజ చేతికిచ్చి, ఇక్కడ నిరుపమ కొనిచ్చిన కొత్త సిమ్ము వేసుకుంది. వంటింట్లో పొయ్యి ఆరకూడదని అంత దూరం ఆలోచించిన మనిషి తన కార్డు గురించి ఆలోచించలేదు.

చేతిలో ఉన్నవి నూట యాభై డాలర్లు. సైకిలు నాలుగు వందల అరవై. నిరుపమను అడిగితే క్షణంలో కట్టేస్తుంది, కానీ అప్పుడది నిరుపమ కొన్న సైకిలే అవుతుంది. శుక్రవారమంతా ఇంట్లో నిరుపమ చెవిన పడకుండా ఫోను చేసే సందు దొరకలేదు. శనివారం మధ్యాహ్నం నిరుపమ డ్యూటీలో ఉంది, ఆమె భర్త రవిచంద్ర ఆఫీసు పని మీద టౌరంగా అనే ఊరు వెళ్లాడు. మూడు కావస్తుండగా కుసుమ, సిరి షాపుకు చేరారు. సిరి తన పాత సైకిలును బయట గోడకు ఆనించింది. షాపాయన గడియారం వైపు చూసి, నాలుగింటిదాకా ఉంటానన్నట్టు తల ఊపాడు. తెనాలిలో అప్పుడు పొద్దున ఏడున్నర.

కుసుమ ఫోనులో బ్యాంకు సైటు తెరిచి, ఓటీపీ పంపమని నొక్కి, ఇంద్రజకు వాట్సాప్‌లో కాల్ చేసింది.

"ఎవరండీ?" అంది ఇంద్రజ.

"నేనే, కుసుమని. నా పాత ఫోనుకి మెసేజ్ వచ్చి ఉంటుంది, అందులో ఆరంకెల నంబరు చెప్పు తొందరగా."

ఇన్నాళ్లూ ఇంటికి ప్రతి ఆదివారం నిరుపమ ఫోను నుంచే మాట్లాడేవాళ్లు. ఈ కొత్త నంబరు ఇంద్రజ ఎప్పుడూ చూడలేదు.

"ఏ నంబరండీ?"

"ఓటీపీ, ఇంద్రజా."

"ఓటీపీలు ఎవరికీ చెప్పకూడదండి" అంది ఇంద్రజ, పాఠం అప్పజెప్పినట్టు. "మా వదినగారు బ్యాంకులో చేశారు. ఆవిడ గొంతుతో మాట్లాడినా సరే చెప్పొద్దని మరీ చెప్పి వెళ్లారు."

కుసుమ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. చెప్పిన మాట నిజమే. విమానం ఎక్కే రోజు పొద్దున, కాఫీ తాగుతూ, వేలు ఊపుతూ మరీ చెప్పింది. ఆవిడ ముప్పై ఒక్కేళ్ల ఉద్యోగంలో అంత శ్రద్ధగా విన్న ఖాతాదారు ఒక్కరూ లేరు. ఈలోగా మొదటి నంబరుకు గడువు దాటిపోయింది.

"తమ్ముణ్ణి పిలువు."

"ఆయన వాకింగ్‌కి వెళ్లి అట్నుంచి టిఫినుకి పోయారు. ఫోను ఇక్కడే వదిలేశారు."

కుసుమ రెండోసారి నంబరు పంపించుకుని వీడియో కాల్ చేసింది. ఇంద్రజ మొహం తెర మీదికి వచ్చింది, నుదుటి మీద అనుమానం కొట్టొచ్చినట్టు కనబడుతోంది.

"చూశావా, నేనే."

"మొహాలు కూడా తయారు చేస్తున్నారటండీ ఈమధ్య. అది కూడా మా వదినే చెప్పారు."

"నేను చెప్పినవన్నీ ఇప్పుడే గుర్తుకొచ్చాయా తల్లీ నీకు?"

సిరికి తెలుగు మాట్లాడడం అంతగా రాకపోయినా అంతా అర్థమవుతుంది. నీలం సైకిలు సీటు మీద చెయ్యి వేసి నిలబడి, "ఇట్స్ ఓకే చిన్నమ్మమ్మా. నెక్స్ట్ ఇయర్ తీసుకుందాం" అంది. అది విని కుసుమకు మరీ కష్టంగా అనిపించింది. రెండో నంబరు కూడా గడువు దాటింది. మూడోసారి తప్పితే మళ్లీ రేపటిదాకా ప్రయత్నించవద్దని సైటు ఎర్ర అక్షరాలతో హెచ్చరించింది. టైము మూడు నలభై అయింది.

కుసుమ మూడోసారి నొక్కింది. "ఇంద్రజా, నీకు నమ్మకం కుదరాలంటే ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు."

ఇంద్రజ ఆలోచించింది. "మా వదినకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియని సంగతి ఒకటుంది. అది చెప్పండి. చెబితే మీరు మా వదినే."

ఆ సంగతేమిటో కుసుమకు తెలుసు. ప్రాణం పోయినా ఎవరి దగ్గరా అననని ఇరవై ఏడేళ్ల కిందట తనే మాటిచ్చింది. చుట్టూ చూసింది. షాపాయనకు తెలుగు రాదు. సిరి అవతల బెల్లులు మోగించి చూసుకుంటోంది. ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని గొణిగింది.

"వినపడ్డం లేదు" అంది ఇంద్రజ.

"నీ పెళ్లైన కొత్తలో అమ్మ కెంపుల దుద్దులు పెట్టుకుని పేరంటానికెళ్లి ఒకటి పారేసుకున్నావు" అంది కుసుమ, ఈసారి అందరికీ వినపడేలా. "పుట్టింటికి పంపించేస్తారని గోలెం వెనకాల కూర్చుని ఏడ్చావు. నేను ఆర్నెల్ల జీతం పెట్టి దానికి జోడీ చేయించి పెట్టెలో పెట్టాను. అమ్మకు పోయేదాకా ఆ సంగతి తెలియలేదు. చాలా?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"రాసుకోండి వదినా. నాలుగు, సున్నా, ఏడు..."

కుసుమ ఒక్కొక్క అంకే నొక్కింది. ఆకుపచ్చ గుర్తు వచ్చింది. విదేశాలు అన్న చోట మీట జరిపింది, అది జరిగింది.

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదుగా?" అంది ఇంద్రజ.

"లేదే పిచ్చిదానా. ఇవాళ నీకే చెప్పాల్సొచ్చింది" అని ఫోను పెట్టేసి ఇటు తిరిగింది కుసుమ. గుమ్మంలో నర్సు బట్టల్లో నిరుపమ నిలబడి ఉంది. డ్యూటీ దిగి కారులో ఇంటికి పోతూ గోడకు ఆనించిన సిరి సైకిలు చూసి ఆగిందట. ఎంతసేపట్నుంచి నిలబడిందో ఆమె మొహమే చెబుతోంది.

"నా పెళ్లికి అమ్మమ్మ నాకు పెట్టిన దుద్దులు అవేనా పిన్నీ?" అంది.

"అవే. రెండూ అమ్మమ్మవే అనుకో. మీ అత్తతో అనకు."

నిరుపమ నీలం సైకిలు వంకా కూతురి వంకా చూసింది. అంతా అర్థమైంది. షాపాయన మిషను బల్ల మీదికి జరిపాడు. నిరుపమ చెయ్యి అలవాటు కొద్దీ బ్యాగులోకి వెళ్లింది. కుసుమ ఆ చెయ్యిని చూసింది. ఆపలేదు, గదమలేదు. ఇంతదాకా వచ్చి ఇక చేతకాక ఊరికే చూస్తూ నిలబడింది.

నిరుపమ చెయ్యి ఖాళీగా బయటికి వచ్చింది. ఆమె రెండు అడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని, కూతురి పక్కన నిలబడింది.

కుసుమ కార్డు పెట్టింది. పిన్ను అడిగితే ఎడమ చేత్తో మూసి కుడిచేత్తో నొక్కింది. మిషను ఒప్పుకుంది. రసీదు కావాలా అని షాపాయన అడిగితే కావాలంది. దాన్ని నాలుగు మడతలు పెట్టి పర్సులో దాచుకుంది. సిరి ఆమె నడుము చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. కుసుమ ఆ తల మీద గడ్డం ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

ముగ్గురూ బయటికి వచ్చి పాత సైకిలును కారు డిక్కీలో పడేశారు. సిరి కొత్తది ఎక్కి పేవ్‌మెంటు చివరిదాకా వెళ్లి తిరిగి వస్తోంది, మోకాళ్లకు ఎక్కడా ఏమీ తగలడం లేదు. మూలన డెయిరీ ఉంది, పాలూ పేపర్లూ ఐస్‌క్రీములూ అమ్మే చిన్న కొట్టు. నిరుపమ దాని ముందు ఆగింది. కారు తాళాలు వేళ్ల మధ్య తిప్పుతూ, చిన్నప్పుడు తెనాలి వీధిలో అడిగినట్టే అడిగింది.

"పిన్నీ, ఆకలేస్తోంది. ఏమన్నా కొనిపెట్టవా?"

"ఏం కావాలే?" అంది కుసుమ, బ్యాగు జిప్పు లాగుతూ.