విండోస్‌దా, బయటిదా?

ప్రొద్దుటూరులో అబ్దుల్ సత్తార్ పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే అంగడికి శుక్రవారమొస్తే చాలు, పగిలిన సామానంతా వచ్చి చేరతాది. ఆ పొద్దు అతని పెండ్లాం మెహతాబ్ కంప్యూటర్లో డిస్కును డిఫ్రాగ్ చేస్తాది. డిస్కులో చెల్లాచెదురైన ముక్కలన్నీ ఒకచోటికి చేరతాయి. అంగట్లో ఉండే విరిగిన గాజులూ, పగిలిన కుండలూ అప్పుడే అతుక్కుంటాయి. సందులో ఆడోళ్ళ గొడవంతా ఎవరి సామాను ముందు పెట్టాలనే.

డిఫ్రాగ్ చేసే ప్రోగ్రాములు రెండుండాయి. విండోస్‌తో వచ్చింది నిదానం, నమ్మకం. వాడకంలో ఉండేదాన్ని మాత్రం ముట్టదు. అదే సందులో ఉండే ఓబమ్మ మేకకు విరిగిన కాలు అందుకే అతకలేదు, మేక బతికి కదులుతాండె గదా! బయట్నుంచి తెచ్చి ఎక్కించింది ఇంకోటుంది. అబ్బో, దాని దూకుడే వేరు. కదిలేదాన్నీ వదలదు. కానీ కలిసి పనిచేస్తాండేవాటిని ఒకే వస్తువనుకోని అతికించేస్తాది. ఒకసారి ఓబమ్మ గిన్నెలో గరిటె మరిచిపోయి పెట్టింది, రెండూ ఒకటైపోయినాయి. ఓబమ్మ తిట్టిన తిట్లకు మెహతాబ్ మళ్ళీ దాని జోలికి పోలా.

మొన్న శుక్రవారం పులివెందుల మహేంద్ర కొడవలితో లోపలికొచ్చినాడు. జమ్మలమడుగు పెళ్ళిలో గురప్ప తల పగలగొట్టింది ఇతనే. ఆ కొట్లాటంతా సత్తార్ కెమెరాలో పడింది.

"ఆ వీడియో తీసెయ్ మామా. ఇంట్లో నెల బిడ్డుంది. నేను జైలుకు పోతే దాన్నెవరు ఎత్తుకుంటారు?"

"గురప్పకూ బిడ్డలుండారు గదప్పా," అన్నాడు సత్తార్. "పోలీసోళ్ళకిస్తానని మాటిచ్చినా."

మహేంద్ర కొడవలెత్తినాడు. ఒక్క వేటుకు సత్తార్ కుడిచెయ్యి మణికట్టుకాడ తెగి కింద పడింది. గోడ మీదికి నెత్తురు చిమ్మింది. మహేంద్ర మళ్ళీ కొడవలెత్తినాడు. మెహతాబ్ కెమెరా స్టాండుతో అతని మోకాలి మీద ఈడ్చి కొట్టింది. అతను కూలబడగానే కంప్యూటర్ కాడికి ఉరికింది.

"విండోస్‌ది నొక్కవే," మూలిగినాడు సత్తార్. "అదే మేలు."

"అది బతికుండే మనిషిని ముట్టదయ్యా!"

బయటిది నొక్కేసి మౌసు వదిలేసింది. సత్తార్ ఎడమ చెయ్యి చాపినాడు. "పట్టుకోవే, పానం పోతాంది."

మెహతాబ్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని భోరుమనింది. "నేను పట్టుకుంటే నీకే అతుక్కపోతానయ్యా. కొంచేపు ఓర్చుకో."

డిస్కు గరగరమనింది. తెగిన చెయ్యి నేలమీద జరిగి జరిగి పోయి మణికట్టుకు అతుక్కునింది. సత్తార్ వేళ్ళు కదిలించి చూసుకొని ఏడ్చినాడు. డిస్కు చప్పుడు ఆగినాక మెహతాబ్ వచ్చి అతన్ని వాటేసుకునింది.

మహేంద్ర లేచి పారిపోతా కొడవలి విసిరేయబోయినాడు. రాలేదు. పిడీ అరచెయ్యీ ఒకటే చర్మమైపోయింది. రాయికేసి కొట్టినాడు, గుంజినాడు. చేతి నెత్తురే కారింది.

పొద్దుగూకే వేళకు పులివెందుల చేరినాడు. భార్య నాగలత నవ్వుతా ఎదురొచ్చి, గుక్కపట్టి ఏడుస్తాండే బిడ్డను అందించింది.

"వచ్చినావా? పట్టుకో, నువ్వు ఎత్తుకోవాలనే ఏడుస్తాంది."

మహేంద్ర ఎగిరి వెనక్కి దూకినాడు. కొడవలి చెయ్యి వీపెనక దాచుకోని, గొంతు చించుకోని అరిచినాడు.

"దాన్ని నా దగ్గరికి తేవద్దే! లోపలికి తీసకపో!"