వీపు మీది పట్టీ

సైకిలు మేస్త్రి తను అంటించిన పట్టీని మళ్ళీ పీకిన పాపాన పోలేదు. ట్యూబు శుభ్రంగా తుడిచి, బొటనవేలితో అదిమి అంటించాడంటే అది ట్యూబుతోనే పోవాలి. ఊడివచ్చిందంటే ఊడింది పట్టీ కాదు, ఆయన పరువు.

అందుకే భార్య మతిమరుపు జబ్బుకి డాక్టరమ్మ ఒంటికి అంటించే మందు పట్టీలు రాసినప్పుడు ఆయన ప్రాణం కుదుటపడింది. మాత్రలయితే ఆమె ఉమ్మేసేది.

"మెదడులో కబుర్లు మోసే పదార్థం ఒకటుంటుంది, పెద్దాయనా. ఒక ఎంజైము దాన్ని ఎప్పటికప్పుడు తినేస్తూ ఉంటుంది. ఈవిడకి ఆ పదార్థమే తగ్గిపోయింది. ఈ మందు ఎంజైముకి అడ్డం పడి, ఉన్నదాన్ని కాస్త ఎక్కువసేపు నిలుపుతుంది. జబ్బు మాత్రం పోదు" అంది డాక్టరమ్మ.

"అంటే కొత్తగా గాలి కొట్టదు, ఉన్న గాలి పోనివ్వదు."

"అలాగే అనుకోండి."

మొదట్లో కూతురే అంటించేది. కొన్ని వారాలకు తల్లి ముఖంలో కళ వచ్చింది. అంతవరకు మొగుణ్ణి "ఎవరండీ" అని మర్యాదగా అడిగిన మనిషి, ఒకనాడు "ఆ మసి చేతులతో నా దుప్పటి ముట్టుకోకు" అని కసిరింది. ఇంకోసారి కసురుతుందేమోనని ఆయన దుప్పటి మళ్ళీ ముట్టుకున్నాడు.

కూతురికి పొద్దుటి డ్యూటీ పడింది. "రోజూ కొత్తది, చోటు మార్చి అంటించు నాన్నా" అని చెప్పి వెళ్ళింది. ఆయన అంతే చేశాడు. పాతది తీయాలన్న ఊహే ఆయనకు రాలేదు.

నాలుగో రోజు ఆమె వాంతులు చేసుకుని మంచం పక్కన కూలబడింది. కూతురు వచ్చి చూస్తే వీపు మీద తను చివర అంటించినదానితో కలిపి వరసగా ఐదు పట్టీలు, ఒక్కదాని అంచూ లేవలేదు.

"నాన్నా, ఇది అమ్మ. ట్యూబు కాదు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ నాడి చూసి పట్టీలన్నీ తీయించింది. "మందు ఎక్కువై గుండె కొట్టుకోవడం నెమ్మదించింది. కుదుటపడితేనే మళ్ళీ మొదలుపెడదాం, లేకపోతే ఈ మందు వదులుకోవడమే" అంది.

ఇంటికి వచ్చాక ఆమె మళ్ళీ మూగబోయింది. దుప్పటి ముట్టుకున్నా ఏమీ అనలేదు. మేస్త్రికి ముద్ద దిగలేదు. తన చేతులారా ఆమెను పోగొట్టుకున్నానన్న దిగులు.

చివరికి డాక్టరమ్మ చిన్న పట్టీతో మొదలుపెట్టమంది. కూతురు డ్యూటీ మార్పించుకుంది. "ఇక నువ్వు ముట్టుకోకు నాన్నా" అంది. ఆయన తలూపి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాడు.

లోపలినుంచి గొంతు వినబడింది.

"ఎవరమ్మా నువ్వు? నా వీపుతో నీకేం పని? మా ఆయన్ని పిలువు. అంటించే పని ఆయనది."

కూతురు బయటికి వచ్చింది. కళ్ళలో నీళ్ళు, మూతి మీద నవ్వు.

"వెళ్ళు. కన్నకూతురు పనికిరాదట."

ఆయన సబ్బుతో చేతులు రుద్ది రుద్ది కడుక్కుని వెళ్ళాడు. ఆమె వీపు తిప్పి కూర్చుంది. ఆయన అరచేతితో వీపంతా తడిమాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"పాతదేమైనా ఉందేమోనని."

"ఉందా?"

"లేదు."

"మరింకేం, కానివ్వు. చేతులు చల్లగా ఉన్నాయి."

గుమ్మంలో కూతురు చూస్తూ నిలబడింది. ఆయన పట్టీ పక్కన పెట్టి, ముందు అరచేతులు రెండూ వెచ్చబడేదాకా రుద్దుకున్నాడు.