దిగని బావ

ధనరాజ్ పిరికివాడని ఊరంతా తీర్మానించేసింది. తీర్మానించిన వాళ్లలో సముద్రంలో మోకాటి లోతు దాటి దిగిన మగాడు ఒక్కడూ లేడు. భావనపాడు తీరం పక్కనే ఉన్నా వరి, ఉలవ, జీడిమామిడి తప్ప వేరే లోకం తెలియని రైతుల ఊరది. అయినా నడిసముద్రంలో ఓడ మీద ఏం చేయాలో, ఏం చేయకూడదో కిళ్లీబడ్డీ దగ్గర కూర్చుని తేల్చేశారు. సొంత బావమరిది ఓడ అడుగున పడి ఉంటే పైనుంచి చూస్తూ నిలబడ్డాడట, దిగలేదట. వీడూ ఒక మగాడేనా అన్నారు.

ఈ ఊరికి నూతుల్లో దూకడమంటే మహా గొప్ప. ఆ మధ్య మోటారు బాగుచెయ్యడానికి ఒకడు పాడునూతిలో దిగి కళ్లు తిరిగి పడిపోతే, వాడి కోసం ఇద్దరు దూకారు. ముగ్గురూ పోయారు. ముగ్గురి పెళ్లాలూ ఇప్పుడు కూలికి వెళ్తున్నారు. ఊరు మాత్రం ఇప్పటికీ ఆ ఇద్దరి పేర్లు చెప్పి మీసం దువ్వుతుంది. ఒకడు చావాల్సిన చోట ముగ్గురు చచ్చారని ఎవరికీ తట్టలేదు. తట్టడానికి బుర్ర ఉండాలి కదా.

అందరికంటే ఎక్కువగా ధనరాజ్‌ని అసహ్యించుకున్నది అతని భార్య ఝాన్సీ. చచ్చిపోయిన గోవింద్ ఆమె తమ్ముడు. ధనరాజ్ బొగ్గు మోసే ఓడలో బోసన్, అంటే డెక్కు మీద పనిచేసే వాళ్లందరికీ మేస్త్రి. పెళ్లయ్యాక బావమరిదిని కూడా అదే ఓడలో చేర్పించాడు. అప్పుడు ఊరంతా అల్లుడంటే ధనరాజే అంది. అదే ఓడలో, బొగ్గు గదిలోకి నిచ్చెన దిగే చోట గోవింద్ ఊపిరాడక చచ్చిపోయాడు. పెట్టెలో వచ్చాడు. పెద్దదినం నాడు అల్లుడు పెట్టిన బట్టలు ముట్టుకోకుండా అత్తగారు దాలమ్మ అరుగు మీద నుంచి లేచి లోపలికి వెళ్లిపోయింది. అందరూ చూశారు. చూడాలనే అలా చేసింది.

ఆనాటి నుంచి ఝాన్సీ మొగుడికి అన్నం పెడుతోంది, మాట పెట్టడం లేదు. అతనూ దొంగకి తేలు కుట్టినట్టు ఉన్నాడు. ఒక్కసారీ నేనిలా ఎందుకు నిలబడ్డానంటే అని నోరు విప్పలేదు. పిరికితనానికి సిగ్గుపడుతున్నాడనుకుంది ఆమె. ఆ సిగ్గు కూడా ఆమెకి కంపరంగానే ఉండేది.

ఇలా ఉండగా శ్రీకాకుళం నుంచి రమేష్‌బాబు దిగాడు. ఓడలకి మనుషుల్ని కుదిర్చే కంపెనీ తాలూకు మనిషి. గోవింద్ శవం వచ్చిన రోజున ఫోనెత్తని ఈ పెద్దమనిషి ఇప్పుడు అరటిపళ్లు కూడా తెచ్చాడు. చావింటికి సెంటు కొట్టుకుని వచ్చినవాణ్ణి చూడడం ఝాన్సీకి అదే మొదలు. ఆమె వంటగదిలో టీ కాస్తుంటే ముందుగదిలోంచి అతని గొంతు వినిపించింది.

"రేపొచ్చే ఆయన పోలీసు కాదు, బయపడకు. ఓడ మీద ఎవుడైనా పోతే ఎందుకు పోనాడో తేల్చి లండన్‌కి రిపోర్టు పంపాల. అక్కడ పెపంచకంలో ఓడలన్నిటికీ రూల్సు పెట్టే పెద్దాఫీసు ఉన్నాది. ఓడ ఏ దేశానిదో ఆ దేశం వోళ్లు రాస్తన్నారు. సచ్చినోడు మనోడు కాబట్టి మన సర్కారు నుంచి కూడా ఒకాయన అడగడానికొస్తన్నాడు. నువ్వు రెండు ముక్కలు సెప్తే సాలు."

"ఏటి సెప్పమంటావు?"

"గోవిందు నిన్నడక్కుండా తనంతట తానే దిగిపోనాడు. నువ్వు సూసి, అలారం కొట్టి, రూలు పెకారం దిగకుండా పైనే నిలబడ్డావు. అంతే. బోసన్ మా సక్కగా చేసినాడని రాస్తారు. అది సదివి మిగతా ఓడలోళ్లు నీలా చెయ్యాలంటారు."

ధనరాజ్ కుర్చీ కిర్రుమంది.

"సచ్చినోడికి ఓడలెందుకురా, సెప్పు," అన్నాడు రమేష్‌బాబు గొంతు తగ్గించి. "నీకు మళ్లీ ఓడ కావాల కదా."

ఝాన్సీ టీ తెచ్చి అతని ముందు పెట్టింది. చెల్లెమ్మా, బాగున్నావా అని అడిగాడు. ఎలా ఉంటుందనుకున్నాడో ఏమో. ఆమె లోపలికి వెళ్లిపోయింది. దిగకపోవడం రూలట. పిరికివాళ్లకి కూడా లండన్‌లో రూలు రాసిపెట్టారన్నమాట, అనుకుంది.

మర్నాడు వచ్చినాయన పేరు హరిచరణ్. ఒకప్పుడు ఓడకి కెప్టెన్‌గా చేసి, ఇప్పుడు ప్రమాదాల విచారణ చూస్తున్నాడు. మాది శ్రీముఖలింగమే అని చెప్పి, చెప్పులు బయట విప్పి, మంచినీళ్లు అడిగి తాగాడు. ఝాన్సీ అతని కోసం కూడా బోలెడంత ఈసడింపు సిద్ధం చేసి ఉంచుకుంది. మనిషి పోయాక చల్లగా వచ్చి ఎలా పోయాడని అడిగే ఉద్యోగం కూడా ఒక ఉద్యోగమేనా? ఆమె గుమ్మం పక్కన చాప మీద కూర్చుంది. మీరు లోపలికి వెళ్తారా అని ఆయన అడిగితే, ఇది నా ఇల్లు అంది.

ధనరాజ్ నేర్చుకున్న పాఠం మొదలుపెట్టాడు. అలారం కొట్టానన్నాడు, పైనే నిలబడ్డానన్నాడు. ఝాన్సీ వినలేకపోయింది.

"ఒక మాట అడుగుతాను బాబూ. ఒక్కగానొక్క బావమరిది కళ్లముందర పడిపోతే, దిగకుండా నిలబడి సూసినోడికి మీ లండన్‌లో ఏటి పేరెడతారు?"

హరిచరణ్ ఆమె వైపు తిరిగాడు. "తెలివిగలవాడని పెడతామమ్మా. బొగ్గు నిల్వ ఉన్న గదిలో గాలి ఉన్నట్టే ఉంటుంది, కానీ అందులో ప్రాణవాయువు ఉండదు. బొగ్గు తినేస్తుంది. కంటికి కనపడదు, వాసన రాదు. ఒకటి రెండు సార్లు ఊపిరి పీల్చేసరికి మనిషి కూలిపోతాడు. అలాంటి చోట పడిపోయిన వాళ్లని లాగుదామని దిగిన వాళ్లని ఎందర్నో పోగొట్టుకున్నాం. ముఖానికి మాస్కు, వీపుకి గాలి సిలిండరు తగిలించుకున్న వాళ్లు వచ్చేదాకా పైనున్నవాడు కదలకూడదు. ఈయన దిగి ఉంటే మీ ఇంటికి రెండు పెట్టెలొచ్చేవి."

ఝాన్సీకి పాడునూయి గుర్తొచ్చింది. ఆ ముగ్గురి పెళ్లాలు గుర్తొచ్చారు. ఇన్నాళ్లూ తను ఊరివాళ్ల నోటితో ఆలోచించింది. ఆ ఊరు ఎంత తెలివైనదో తెలిసి కూడా అలా ఆలోచించింది. తనమీద తనకే రోత పుట్టింది. తమ్ముడు పోయాక మొదటిసారి ఆమె మొగుడి మొహం సరిగ్గా చూసింది. చిక్కిపోయాడు. ఆఫీసరు వెళ్లగానే అతనితో ఏదో ఒకటి మాట్లాడాలి అనుకుంది.

ఆ మాటతో ధనరాజ్ మొహం తేలికపడాల్సింది. పడలేదు. అతను నేల చూపులు చూస్తూనే ఉన్నాడు.

"ఆయన పైన ఎందుకున్నాడన్నది కాదమ్మా నాకు కావలసింది," అన్నాడు హరిచరణ్. "గోవింద్ కింద ఎందుకున్నాడన్నది. తలుపు తీశాక ముందు మీటరు లోపలికి దింపి గాలి చూడాలి. అది బాగుందంటేనే మనిషి దిగాలి. ఆ రోజు మీటరు బయటికి తీసినట్టు ఎవరూ చెప్పడం లేదు. గోవింద్‌ని దిగమన్నది ఎవరు?"

"ఎవుడూ అనలేదు సార్. ఆడంతట ఆడే దిగిపోనాడు. నన్ను అడగలేదు."

బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పాడు. అవి నిన్న రమేష్‌బాబు నేర్పిన ముక్కలే.

ఝాన్సీ లేచి నిలబడింది. గోవింద్ చెప్పులు కొనుక్కోవాలన్నా పలాస బజారు నుంచి బావకి ఫోన్ చేసి, నల్లవి కొనమంటావా మట్టిరంగువి కొనమంటావా అని అడిగే రకం. క్రాపు ఎంత పొట్టిగా చేయించుకోవాలో కూడా బావ చెప్పాలి. ఊళ్లో తోటివాళ్లు బావ తోక అని వెక్కిరిస్తే మురిసిపోయేవాడు.

"మావోడు నిన్నడక్కుండా దిగినాడా?" అంది.

అతను తలెత్తలేదు.

"నా మొకం సూసి సెప్పు."

హరిచరణ్ రాసే చెయ్యి ఆపేశాడు. ధనరాజ్ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం ఆగలేదు.

"నానే దిగమన్నాను. పొద్దున్న ఓడ రేవులోకెళ్తాది, తనికీవోళ్లు వస్తారు, ఆ నిచ్చెన గది తుడిపించాల. మీటరేమో సీఫ్ మేట్ గదిలో ఉన్నాది. కెప్టెన్ తరవాత ఆయనే. రాత్రంతా డ్యూటీ చేసి పడుకున్నాడు. లేపితే తిడతాడు. కాయితం మీద గాలి బాగుందని ముందే రాసీసి ఉన్నాది. రోజూ అలాగే రాస్తాం. ఎప్పుడూ ఏటీ అవలేదు."

"డెక్కు మీద ఇంకా మనుషులున్నారు కదా," అన్నాడు హరిచరణ్. "గోవింద్‌నే ఎందుకు పంపారు?"

ధనరాజ్ భార్య వైపు చూశాడు.

"మిగతావోళ్లు మీటరేదని అడుగుతారు సార్. ఫిలిప్పీన్స్ వోడైతే మీటరు సూపించందే కాలు లోపల పెట్టడు. గోవిందు అడగడు. మనోడు కదా. అందుకే ఆడ్ని పిలిసినాను."

ఝాన్సీ మళ్లీ చాప మీద కూలబడింది. మనోడు. ఈ దేశంలో ఎవడూ చేయని పనికి మనోణ్ణి పిలుస్తారు. జీతం అడగడు కాబట్టి పొలానికి మనోణ్ణి పిలుస్తారు, ఎందుకని అడగడు కాబట్టి సంతకానికి మనోణ్ణి పిలుస్తారు. పరాయి దేశం వాడి ప్రాణానికి ధనరాజ్ భయపడ్డాడు, వాడు నోరు తెరిచి అడుగుతాడు కాబట్టి. పెళ్లాం తమ్ముడి ప్రాణానికి భయపడలేదు. ఇంత చవకైన మనిషితో ఇన్నేళ్లు కాపురం చేశానా అనుకుంది. ఊరు అతన్ని తిట్టిన తిట్లన్నీ తప్పు తిట్లని, అసలు తిట్టు ఎవరికీ తెలియదని ఆమెకి అప్పుడు అర్థమైంది.

"ఇది నేను రాయాలి," అన్నాడు హరిచరణ్ మెల్లగా. "ఆ మేటు సంగతీ, ముందే రాసి పెట్టుకునే అలవాటు సంగతీ కూడా."

"రాయండి బాబూ," అంది ఝాన్సీ. మొగుణ్ణి అడగలేదు. "ఈయన పేరు పెద్దచ్చరాల్లో రాయండి."

"ఆ రిపోర్టులో పేర్లుండవమ్మా. బోసన్ అని, ఒక నావికుడు అని ఉంటుంది. శిక్ష వేయడానికి కాదది, ఇంకో ఓడలో ఇలా జరక్కుండా చూసుకోవడానికి."

"మా తమ్ముడి పేరు కూడా ఉండదా?"

"ఉండదమ్మా."

పేర్లు లేకుండా చావులు లెక్కపెట్టుకునే ఆ పెద్దాఫీసు మీద కూడా ఆమెకి అసహ్యం వేసింది. కానీ అసహ్యించుకోవడానికి దానికంటే దగ్గరగా, ఈ గదిలోనే మొగుడున్నాడు. హరిచరణ్ లేచి, ఏదో అనబోయి, నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు.

కారు చప్పుడు దూరమయ్యేదాకా ధనరాజ్ కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ఏడుస్తాడేమో అనుకుంది. ఏడ్చి ఉంటే ఆమె ఏం చేసేదో ఆమెకే తెలియదు.

"ఝాన్సీ, మీ అమ్మకి ఆ ముక్క సెప్పీ," అన్నాడు. "దిగకపోడం తప్పు కాదని అంత పెద్దాయనే అన్నాడని సెప్పు. ఊళ్లో తలెత్తుకోలేకపోతన్నాను. నువ్వు సెప్తే నమ్ముతాది."

"రెండో ముక్కో?"

"అది తరవాత సూద్దుం."

ఆమె అతని వైపు చూసి, చెంగు సర్దుకుని బయటికి నడిచింది. తిట్టడానికి కూడా మనిషిలో కాస్త సరుకు ఉండాలి. దారిలో కిళ్లీబడ్డీ దగ్గర ఎవడో, ఏటి ఆఫీసరు మీ ఆయనకి దండేసినాడా అని నవ్వాడు. ఆమె ఆగకుండా నడిచింది.

దాలమ్మ పెరట్లో కూర్చుని ఉలవలు చెరుగుతోంది. కూతురు వచ్చి ఎదురుగా చతికిలబడినా చేట ఆపలేదు. ఝాన్సీ రెండు ముక్కలూ చెప్పింది. దిగి ఉంటే ఇద్దరూ పోయేవారని, అందులో అతని తప్పు లేదని చెప్పింది. దింపింది మాత్రం అతనేనని, మీటరు చూడకుండా దింపాడని, అడగడని తెలిసే గోవింద్‌ని పిలిచాడని చెప్పింది. తల్లి చేట విసిరేస్తుందనీ, గుండెలు బాదుకుంటుందనీ, అల్లుణ్ణి వీధిలోకి లాగుతుందనీ అనుకుంది. లాగితే బాగుండుననుకుంది.

దాలమ్మ చేట ఒళ్లో పెట్టుకుంది.

"ఆడు అడగనేదా, ఆ మీటరేదని?"

"లేదమ్మా. బావ సెప్పినాడని దిగిపోనాడు."

"ఎలా అడుగుతాడు," అంది దాలమ్మ. ఉలవల్లో ఏదో రాయి కనపడితే ఏరి పారేసింది. "ఓడెక్కడానికెళ్లిన రోజు బస్సు కాడ నానే సెప్పినాను. ఒరే, బావ ఏటి సెప్తే అది సెయ్యి, ఎదురడిగి నా పరువు తియ్యకు అన్నాను."

ఆ రోజు బస్సు దగ్గర ఝాన్సీ కూడా ఉంది. తల్లి ఆ మాట అంటుంటే పక్కన నిలబడి, అవునని తలూపింది కూడా.