శాలువాల పళ్ళెం

"పట్టుచీర కట్టుకో. సాయంత్రం పళ్ళెం పట్టుకోవాలిగా," అన్నాడు నాగరాజు ఇడ్లీ తుంచుకుంటూ.

వీరదుర్గ చట్నీ వడ్డిస్తూ ఊకొట్టింది. మొగుడి మాటలో తప్పేమీ లేదు, అదే వచ్చిన చిక్కు. బందరు కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ కోచ్‌గా చేరి పదిహేడేళ్ళు. పదిహేడు స్పోర్ట్స్ డేల్లోనూ స్టేజీ మీద ఆవిడ పని ఒకటే, శాలువాలున్న పళ్ళెం పట్టుకుని అతిథుల పక్కన నిలబడడం. "మీరైతే నిండుగా ఉంటుందమ్మా," అంటారు ప్రిన్సిపాల్ బ్రహ్మయ్యగారు. ఆ నిండుతనం క్రికెట్ కోచ్ రాంబాబుకి ఎందుకుండదో ఎవరూ అడగలేదు. తనూ అడగలేదు, అది తలుచుకుంటేనే ఒళ్ళు మండుతుంది.

ఏటా గ్రూప్ ఫోటో ఇంటికొస్తుంది. అంచున పళ్ళెం, దాని వెనక సగం తెగిపోయిన వీరదుర్గ. అత్తగారు నాగరత్నం కళ్ళజోడు సవరించుకుని చూసి, "పళ్ళెం బాగానే పట్టుకున్నావే," అంటుంది. వెక్కిరింపు కాదు, మెచ్చుకోలే. కోడలి ఉద్యోగం అదేననుకుంటుంది పాపం.

మంగినపూడిలో నాన్నతో కలిసి వల లాగిన చేతులవి. పొద్దున్నే వంట ముగించి ఆరింటికల్లా కోర్టులో ఈల ఊదే మనిషి. సాయంత్రం మళ్ళీ కోర్టు, మళ్ళీ వంట, ఆపైన పిల్లల జెర్సీలు ఉతికి డాబా మీద ఆరేయడం. రాంబాబు జట్టు బట్టలు మాత్రం చాకలికి వెళ్తాయి.

పోయిన వారం గుడివాడలో ఫైనల్. రెండు పాయింట్లు వెనకబడి, ఇంకో తొమ్మిది సెకన్లున్నాయనగా, తేజస్విని దూరం నుంచి విసిరిన బంతి మూడు పాయింట్లు తెచ్చింది. కాలేజీకి మొదటిసారి యూనివర్సిటీ కప్పు. తిరుగు బస్సులో ఆ పిల్ల, "మేడం, కప్పు ఫోటోలో మీరు నా పక్కనే ఉండాలి," అంది.

"పళ్ళెం ఎవరు పట్టుకుంటారే మరి?" అనేసింది వీరదుర్గ. ఆ మాట తన నోటి నుంచే వచ్చినందుకు గుడ్లవల్లేరు దాటేదాకా తన మీద తనకే కోపం.

ఇవాళ సాయంత్రం స్పోర్ట్స్ డేకి ట్రాక్‌సూట్‌లోనే స్టేజీ ఎక్కింది. బ్రహ్మయ్యగారు పళ్ళెం అందిస్తూ, "చీర కట్టుకోలేదేమ్మా?" అన్నారు.

"కోచ్‌నండీ. మా బట్టలివే."

పళ్ళెం అందుకుని తిన్నగా రాంబాబు చేతుల్లో పెట్టింది.

"నాకలవాటు లేదండీ," అన్నాడతను కంగారుగా.

"నేర్పుతాగా. మోచేతులు జారనివ్వకండి. అతిథిగారికి ఎడమ పక్కన, అరడుగు వెనక్కి. కాస్త నవ్వండి." పదిహేడేళ్ళ కోచింగ్ ఊరికే పోతుందా, రెండు నిమిషాల్లో నేర్చేసుకున్నాడు. కింద ఆడపిల్లలు ఈలలు వేశారు. మూడో వరసలో నాగరాజు ముందు బిత్తరపోయి, తర్వాత లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. కప్పు ఒక చెవి తేజస్విని పట్టుకుంది, రెండోది వీరదుర్గ. అంత సంతోషం ఒంట్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గట్టిగా నవ్వేసింది.

ఫోటో ఇంటికొచ్చింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"మధ్యలో కప్పుతో నువ్వా? అయితే అంచున పళ్ళెం పట్టుకున్నది ఎవరే?"

"క్రికెట్ కోచ్, అత్తయ్యా."

"బాగానే పట్టుకున్నాడు," అంది నాగరత్నం. "వచ్చే ఏడూ అతన్నే పట్టుకోమను."