పరగడుపున పొట్లం

పంజాగుట్ట మీద ఇరవై ఏళ్లు రాళ్లు కొట్టిన చేతులు నావి. ఆ చలికాలం వేళ్ల కీళ్లు వాచిపోయి, సుత్తి పిడికిట్లో నిలవలేదు. అమీర్‌పేట దవాఖానలో డాక్టరు చూసి ఆస్పిరిన్ పొట్లాలు రాశాడు. పొట్లాల మీద ఇంగ్లీషు చీటీ. నా చదువు రెండో తరగతిలోనే ఆగింది కనుక కాంపౌండరు సాలమన్ చదివి చెప్పాడు. ఇద్దరం ఒకే వాడలో పెరిగాం. మా చర్చి పెద్ద కూడా వాడే.

అప్పుడే ఈస్టరుకు ముందొచ్చే నలభై శ్రమదినాల ఉపవాసాలు మొదలయ్యాయి. పొద్దుగూకేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టం. మా వాడలో ఒక్కరూ ఉపవాసం విడవలేదని పాస్టరు ముందు చెప్పుకోవడం సాలమన్‌కు గొప్ప.

"అన్నం తినకుంట మింగొచ్చునా?" అని అడిగాను.

"ఎందుకు మింగరాదు? చీటీల గదేం లేదు. దినానికి మూడు పొట్లాలు. నువ్వొక్కనివి తింటే వాడ ఇజ్జత్ పోతది సారయ్యా."

మింగాను. సుత్తి మళ్లీ చేతికొచ్చింది. వాడికి దండం పెట్టాను. పది రోజులకు కడుపులో మంట మొదలైంది. అదీ వాడికే చెప్పాను.

"ఉపాసం మంట గది. ఫికర్ చెయ్యకు, మానకు" అన్నాడు.

ఇంకో వారానికి దొడ్డికి తారులా నల్లగా పోయింది. గుట్ట మీదే కళ్లు తిరిగి పడ్డాను.

దవాఖాన మంచం మీద కళ్లు తెరిచేసరికి డాక్టరు నా పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. బెజవాడ మనిషి.

"తిన్నాకే మింగాలని, కడుపు మండితే ఆపేసి రమ్మని రాసి ఉందిగదయ్యా. పరగడుపున ఎవరు మింగమన్నారు? పొట్టలో పుండుపడి నెత్తురు కారుతోంది."

పక్కనే సాలమన్, మందుల పళ్లెంతో. వాడే చెబుతాడని చూశాను.

"నేను తిని మింగుమన్న సార్. ఈయినకు భక్తి జర ఎక్కువ, ఇనలే."

"నాకు ఇంగ్లీషు రాదు సార్," అన్నాను. "చదివింది ఈయనే. తినకుంట మింగుమన్నది సుత ఈయనే."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పక్క మంచానికి వెళ్లాడు. సాలమన్ వంగి మెల్లగా అన్నాడు: "నిన్న మొన్నటి దోస్తానా మనది?"

"కాదు. గందుకే నమ్మిన."

ఆస్పిరిన్ ఇక జన్మలో ముట్టొద్దన్నారు. వేడి ఉప్పు కాపడం తప్ప నాకు మందు లేదు, చేతికి సుత్తి లేదు. వాడు ఇప్పటికీ ఆ దవాఖానలోనే ఉన్నాడు. నేను మెట్ల దగ్గర కూర్చుని, పొట్లంతో బయటికొచ్చే ప్రతి మనిషినీ డాక్టరు దగ్గరికే తిప్పి పంపుతాను. మళ్లీ అడిగి రమ్మంటాను.